చైనా స్టూడెంట్స్‌కి ఇంగ్లీష్ పాసేజ్ అంటే ఎందుకంత టెన్షన్? గావోకావో రీడింగ్‌ని ఎలా గెలుస్తారు?

ఈ రోజు ఎపిసోడ్‌లో మనం చైనా వెళ్తున్నాం. టూర్‌కి కాదండోయ్, ఎగ్జామ్ హాల్‌కి. అక్కడ ఇంటర్ అయిపోయే వయసు పిల్లలు రాసే పరీక్ష పేరు గావోకావో. 2024లో ఈ పరీక్షకి పేరిచ్చినవాళ్ళు 1 కోటీ 34 లక్షల మంది. అందులో ఇంగ్లీష్ పేపర్ ఉంటుంది. ఆ పేపర్‌లో చాలామందిని ముంచేదీ, తేల్చేదీ రీడింగ్ కాంప్రహెన్షన్. అంటే పాసేజ్ చదివి ప్రశ్నలకి జవాబు పెట్టడం.

"పాసేజ్ చదవడమేగా, అందులో ఏముంది?" అనుకోవచ్చు. ఇంట్లో ఇంగ్లీష్ లేదు, వీధిలో ఇంగ్లీష్ లేదు, సినిమాలో లేదు, షాపు బోర్డు మీద కూడా పెద్దగా లేదు. అలాంటి చోట పెరిగిన కుర్రాడు రెండు గంటల పేపర్‌లో 5 పాసేజ్‌లు చదివి అర్థం చేసుకోవాలి. ఎలా చేస్తాడు? ఎక్కడ తడబడతాడు? టీచర్లు ఏం నేర్పుతారు? ఒక్కొక్కటీ చూద్దాం. చివర్లో ఇది మనకెక్కడ పనికొస్తుందో కూడా చెప్తాను.

ముందు పేపర్ ఎలా ఉంటుందో చూద్దాం

గావోకావో జూన్ 7న మొదలవుతుంది. ఇంగ్లీష్ పేపర్ జూన్ 8 మధ్యాహ్నం. మొత్తం పరీక్ష 750 మార్కులు. చైనీస్‌కి 150, మ్యాథ్స్‌కి 150, ఫారిన్ లాంగ్వేజ్‌కి 150. ఫారిన్ లాంగ్వేజ్ అంటే రష్యన్, జపనీస్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ కూడా తీసుకోవచ్చు. కానీ నూటికి తొంభై మందికి పైగా రాసేది ఇంగ్లీషే.

బీజింగ్, షాంఘైలాంటి చోట్ల పేపర్లు వేరు. ఎక్కువ ప్రావిన్సులు రాసే నేషనల్ పేపర్‌లో 150 మార్కులు ఇలా ఉంటాయి. లిజనింగ్ 30, రీడింగ్ 50, ఖాళీలు పూరించే భాగం 30, రైటింగ్ 40. రీడింగ్‌లో నాలుగు పాసేజ్‌లకి 15 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకి రెండున్నర మార్కులు. ఆ తర్వాత ఐదో పాసేజ్ ఒకటి ఉంటుంది. అందులో ఐదు ఖాళీలు, కింద ఏడు వాక్యాలు. ఏ వాక్యం ఎక్కడ పడుతుందో చెప్పాలి. దాన్ని వాళ్ళు 'ఏడింట్లో ఐదు' అంటారు.

ఇంకో విషయం. రైటింగ్‌లో 25 మార్కుల ప్రశ్నకి కూడా ముందు ఒక కథ చదవాలి. సగం కథ వాళ్ళిస్తారు, మిగతా సగం మనం రాయాలి. చదివింది అర్థం కాకపోతే రాసేది ఏముంటుంది? అంటే రీడింగ్ రాకపోతే పోయేది 50 మార్కులే కాదన్నమాట.

రెండున్నర మార్కులు పోతే ఏమవుతుంది? ఎంసెట్ ర్యాంకులు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. హెనాన్ అనే ఒక్క ప్రావిన్సులోనే 13 లక్షల మందికి పైగా పరీక్షకి పేరిస్తారు. రిజల్ట్స్ వచ్చాక ఏ మార్కు దగ్గర ఎంతమంది ఉన్నారో టేబుల్ విడుదల చేస్తారు. మధ్య మార్కుల దగ్గర ఒక్కో మార్కుకీ వేలమంది ఉంటారు. ఒక్క ప్రశ్న తప్పితే కాలేజీ మారిపోతుంది, ఊరు మారిపోతుంది.

అసలు కష్టం ఎక్కడ?

మొదటిది అక్షరాలు. చైనా పిల్లలు ఒకటో తరగతిలోనే ఏబీసీడీలు చూస్తారు. కానీ ఇంగ్లీష్ కోసం కాదు, చైనీస్ ఉచ్చారణ నేర్చుకోవడానికి. ఆ పద్ధతి పేరు పిన్‌యిన్. అందులో 'క్యూ' అక్షరానికి 'ఛ' లాంటి శబ్దం, 'ఎక్స్' అక్షరానికి 'ష' లాంటి శబ్దం, 'సీ' అక్షరానికి 'త్స' లాంటి శబ్దం. ఆ అక్షరాలే ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి వేరేలా పలకాలి. పదాన్ని పలకలేకపోతే గుర్తుపట్టడం ఆలస్యం. గుర్తుపట్టడం ఆలస్యమైతే వాక్యం చివరికి వచ్చేలోపు మొదలు మర్చిపోతారు.

రెండోది పదాలు. చైనీస్‌లో చాలా పదాలు చూడగానే అర్థమయ్యేలా ఉంటాయి. కంప్యూటర్‌ని వాళ్ళు 'కరెంటు మెదడు' అంటారు. టెలిఫోన్ అంటే 'కరెంటు మాట'. సినిమా అంటే 'కరెంటు నీడ'. ఎంత బాగుందో చూడండి! మాంసం సంగతీ అంతే. ఆవు మాంసం, పంది మాంసం, గొర్రె మాంసం. జంతువు పేరు తెలిస్తే చాలు. ఇంగ్లీష్‌లో? జంతువు కౌ, మాంసం బీఫ్. జంతువు పిగ్, మాంసం పోర్క్. జంతువు షీప్, మాంసం మటన్. ఒక్క లెక్క ఉండదు. ప్రతిదీ విడిగా గుర్తుపెట్టుకోవాలి.

మూడోది క్రియ. చైనీస్‌లో క్రియ రూపం మారదు. నిన్నైనా, ఈ రోజైనా, రేపైనా అదే పదం. ఎప్పుడు జరిగిందో 'నిన్న', 'రేపు' లాంటి మాటలూ, చిన్న చిన్న తోక మాటలూ చెప్తాయి. ఇంగ్లీష్‌లో 'షి లెఫ్ట్' వేరు, 'షి హాడ్ లెఫ్ట్' వేరు. ఆ ఒక్క 'హాడ్' చూసుకోకపోతే ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది తారుమారైపోతుంది. ప్రశ్న సరిగ్గా అక్కడే వస్తుంది.

నాలుగోది వాక్యం అల్లిక. ఇక్కడ మనకీ వాళ్ళకీ ఒక చుట్టరికం ఉంది. తెలుగులో "నిన్న వచ్చిన అబ్బాయి" అంటాం. ముందు వివరం, తర్వాత మనిషి. చైనీస్‌లో కూడా సరిగ్గా అదే వరస. 'వచ్చిన'లో 'ఇన' చేసే పనిని వాళ్ళ దగ్గర 'ద' అనే చిన్న మాట చేస్తుంది. ఇంగ్లీష్‌లో మాత్రం "ది బాయ్ హూ కేమ్ యెస్టర్డే". ముందు మనిషి, తర్వాత వివరం. మొత్తం తిరగేసినట్టు ఉంటుంది. పాసేజ్‌లో వాక్యం పొడవు పెరిగేకొద్దీ చైనా స్టూడెంట్‌కి తల తిరగడానికి కారణం ఇదే. మనకీ ఇదే.

'అబాండన్' దగ్గరే ఆగిపోయే కథ

చైనాలో ఒక పాత జోక్ ఉంది. ఏ స్టూడెంట్‌ని లేపి అడిగినా కచ్చితంగా తెలిసే ఇంగ్లీష్ పదం ఏది? 'అబాండన్'. ఎందుకంటే వొకాబులరీ పుస్తకాల్లో అక్షరక్రమంలో మొదట్లోనే వచ్చే పదం అది. ప్రతి సెలవుల్లో కొత్తగా పుస్తకం తెరుస్తారు, 'అబాండన్' చదువుతారు, నాలుగు రోజులకి పుస్తకం మూసేస్తారు. అబాండన్ అంటే వదిలేయడం. పదం చెప్పినట్టే చేస్తారన్నమాట!

గావోకావోకి 3500 పదాలు రావాలని అక్కడ అందరి నోటా వినిపించే మాట. ఆ నంబర్ పేరుతోనే పుస్తకాలు అమ్ముడుపోతాయి, యాప్‌లు నడుస్తాయి. బైత్సిజాన్ అనే యాప్ చాలా ఫేమస్. పేరుకి అర్థం 'వంద పదాలు నరికెయ్' లాంటిది. ప్రతి పదానికీ ఒక బొమ్మ చూపిస్తుంది, మర్చిపోయే టైమ్‌కి మళ్ళీ అడుగుతుంది. మనం నేర్చుకున్నది రోజులు గడిచేకొద్దీ ఎలా మర్చిపోతామో 1885లోనే ఎబింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్ట్ రాశాడు. ఇలాంటి యాప్‌ల వెనుక ఉన్న ఐడియా అదే.

ఇంతకీ ఎన్ని పదాలు తెలిస్తే పాసేజ్ అర్థమవుతుంది? పాల్ నేషన్ అనే న్యూజిలాండ్ ప్రొఫెసర్ ఇంకొకరితో కలిసి 2000లో ఒక రీసెర్చ్ పేపర్ ప్రచురించారు. దాని ప్రకారం ఎవరి సాయం లేకుండా కథ హాయిగా అర్థం కావాలంటే అందులో 98 శాతం పదాలు తెలిసి ఉండాలి. లెక్క వేయండి. 300 పదాల పాసేజ్‌లో 98 శాతం తెలిస్తే తెలియనివి 6. అదే 95 శాతం తెలిస్తే తెలియనివి 15. చూడ్డానికి మూడు శాతమే తేడా. కానీ 6 పదాలైతే చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఊహించొచ్చు. 15 అయితే ప్రతి రెండు లైన్లకీ ఒక గుంత. బండి నడవదు.

అయితే పదాల లిస్ట్ మొత్తం బట్టీ పట్టినా సరిపోదు. ఎందుకంటే పేపర్ సెట్ చేసేవాళ్ళు తెలిసిన పదాన్నే తెలియని అర్థంలో వాడతారు. 'అడ్రస్' అంటే ఇంటి చిరునామా అని అందరికీ తెలుసు. కానీ 'అడ్రస్ ద ప్రాబ్లమ్' అంటే సమస్యని పట్టించుకుని పరిష్కరించడం. 'నావెల్' అంటే నవల. 'నావెల్ ఐడియా' అంటే కొత్త ఆలోచన. 'ఫైన్' అంటే బాగుంది, ఫైన్ అంటే జరిమానా కూడా. దీనికి చైనా టీచర్ల దగ్గర ప్రత్యేకంగా ఒక పేరే ఉంది: 'పాత పదం, కొత్త అర్థం'. అందుకే మంచి టీచర్లు చెప్పేది ఒకటే. పదాన్ని ఒంటరిగా నేర్చుకోకు, వాక్యంతో కలిపి నేర్చుకో.

తెలియని పదం వస్తే ఏం చేయాలి? ఒక ఉదాహరణ చూద్దాం. పాసేజ్‌లో ఒక ముసలాయన 'ఫ్రూగల్' అని ఉంది. ఆ పదం మీకు తెలియదు. తర్వాతి వాక్యంలో, ఆయన ఒకే టీ ఆకుల్లో మూడుసార్లు వేడినీళ్ళు పోసుకుంటాడు, కవర్లు చింపకుండా విప్పి వెనకవైపు ఉత్తరాలు రాస్తాడు అని ఉంది. ఇక డిక్షనరీ ఎందుకు? పొదుపరి అని అర్థమైపోయింది. ఇలా ఊహించడానికి కూడా ప్రాక్టీస్ కావాలి. పదం ముందు ఆగిపోకుండా, ముందుకెళ్ళి రెండు లైన్లు చదివి వెనక్కి రావడం అలవాటు చేసుకోవాలి.

పెద్ద వాక్యాన్ని విప్పేదెలా?

చైనాలో 'పొడవైన కష్టమైన వాక్యాలు' అనే పేరుతో వేరే క్లాసులే ఉంటాయి. వాటి మీదే పుస్తకాలు, వీడియోలు. అక్కడ చెప్పే చిట్కా చాలా సింపుల్. క్రియల్ని లెక్కపెట్టు, తర్వాత జోడించే మాటల్ని లెక్కపెట్టు.

ఈ వాక్యం చూడండి: "ది టీచర్ హూ ఫౌండ్ ద బుక్ దట్ ద స్టూడెంట్ ఫ్రమ్ ద మౌంటెన్ విలేజ్ హాడ్ లాస్ట్ స్మైల్డ్."

ఒక్కసారి చదివితే 'లాస్ట్ స్మైల్డ్' దగ్గర ఎవరైనా ఆగిపోతారు. స్టూడెంట్ నవ్వాడా? ఊరు నవ్విందా? ఇప్పుడు లెక్కపెట్టండి. క్రియలు మూడు: ఫౌండ్, హాడ్ లాస్ట్, స్మైల్డ్. జోడించే మాటలు రెండు: హూ, దట్. జోడించే మాట ఒక్కోటీ ఒక్కో క్రియని తీసుకెళ్ళిపోతుంది. 'హూ' ఫౌండ్‌ని తీసుకుంది. 'దట్' హాడ్ లాస్ట్‌ని తీసుకుంది. మిగిలింది స్మైల్డ్. అదే అసలు క్రియ. ఎవరు నవ్వారు? మొదట్లో ఉన్న టీచర్. అంతే, వాక్యం ఎముక దొరికింది: టీచర్ నవ్వింది. మిగతాదంతా ఆ ఎముక మీద కండ.

ఇదే తెలుగులో అయితే, "కొండ ఊరి స్టూడెంట్ పోగొట్టుకున్న పుస్తకం దొరికిన టీచర్ నవ్వింది." వివరాలన్నీ ముందే వచ్చేశాయి, క్రియ చివర్లో హాయిగా కూర్చుంది. ఇంగ్లీష్‌లో అసలు మనిషి మొదట్లో, అసలు క్రియ చివర్లో, మధ్యలో సంతంతా. కొన్ని వాక్యాల్లో 'దట్' కనపడకుండా కూడా పోతుంది. అప్పుడు క్రియలు, జోడింపులు లెక్క సరిపోవు. లెక్క సరిపోలేదంటే ఒక 'దట్' దాక్కుందని అర్థం.

రెండో అలవాటు, గుంపులుగా చదవడం. పదం పదం చైనీస్‌లోకి మార్చుకుంటూ వెళ్ళేవాళ్ళకి టైమ్ చాలదు. 'ఫ్రమ్', 'ద', 'మౌంటెన్', 'విలేజ్' అని నాలుగు ముక్కలుగా కాకుండా 'ఫ్రమ్ ద మౌంటెన్ విలేజ్' అని ఒకే ముక్కగా కన్ను పడాలి. మొదట్లో పెన్సిల్‌తో అడ్డగీతలు పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తారు. కొన్ని వారాలకి గీతలు అక్కర్లేకుండానే కన్ను ఆగాల్సిన చోట ఆగుతుంది.

ప్రశ్నలు నాలుగు రకాలు, ఉచ్చులు కూడా నాలుగు

గావోకావో రీడింగ్ ప్రశ్నల్ని అక్కడి టీచర్లు నాలుగుగా విడదీస్తారు. ఒకటి, పాసేజ్‌లో ఉన్న వివరం అడిగేది. రెండు, ఉన్నదాన్ని బట్టి లేనిది ఊహించమనేది. మూడు, మొత్తం సారాంశమో, టైటిలో అడిగేది. నాలుగు, పదం అర్థం అడిగేది.

తప్పు ఆప్షన్లు ఎలా తయారవుతాయో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. నేను ఒక చిన్న పాసేజ్ అల్లాను, వినండి. "ఒక టౌన్‌లో లైబ్రరీకి పిల్లలు రావడం తగ్గింది. లైబ్రేరియన్ ఆరా తీస్తే చాలామంది ఇళ్ళు బస్ రూట్‌కి దూరమని తెలిసింది. ఆవిడ ఒక పాత వ్యాన్‌లో పుస్తకాలు వేసుకుని ప్రతి శనివారం ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. ఏడాదికల్లా కొందరు పెద్దవాళ్ళు కూడా పుస్తకాలు తీసుకెళ్ళడం మొదలుపెట్టారు."

ప్రశ్న: ఆవిడ వ్యాన్ ఎందుకు మొదలుపెట్టింది?

ఏ: పిల్లలకి చదవడం మీద ఆసక్తి పోయింది కాబట్టి.
బి: పెద్దవాళ్ళందరి చేతా చదివించాలని.
సి: లైబ్రరీకి రావడం పిల్లలకి కష్టంగా ఉంది కాబట్టి.
డి: బస్ రూట్ మార్పించాలని.

ఏ ఆప్షన్ మన బుర్రలోంచి వచ్చింది. ఈ కాలం పిల్లలు చదవట్లేదు అని మనం అనుకుంటాం కాబట్టి నిజమే అనిపిస్తుంది, కానీ పాసేజ్‌లో ఆ మాట లేదు. బి ఆప్షన్‌లో రెండు మోసాలున్నాయి. 'కొందరు' కాస్తా 'అందరు' అయ్యారు, తర్వాత జరిగింది కారణంగా మారింది. డి ఆప్షన్‌లో 'బస్ రూట్' అనే మాట పాసేజ్‌లోంచి ఎత్తుకొచ్చి అతికించారు. కన్ను వెంటనే దాని మీద పడుతుంది. కరెక్ట్ జవాబు సి. అందులో 'బస్ రూట్' అనే మాటే లేదు చూశారా? కరెక్ట్ ఆప్షన్ చాలాసార్లు అదే విషయాన్ని వేరే మాటల్లో చెప్తుంది. పాసేజ్‌లోని మాటలు యథాతథంగా కనిపించే ఆప్షన్‌ని ఇంకొంచెం అనుమానంగా చూడాలి.

అందుకే టీచర్లు ఒక నియమం పెడతారు: ప్రతి జవాబుకీ పాసేజ్‌లో ఒక లైన్ చూపించగలగాలి. చూపించలేకపోతే అది ఊహ, జవాబు కాదు.

మరి ముందు ప్రశ్నలు చదవాలా, పాసేజ్ చదవాలా? రెండిటికీ చోటుంది. మొదటి పాసేజ్ ఎక్కువగా నోటీసు, టూర్ వివరాలు, టికెట్ ధరలు లాంటి సమాచారం. దానికి ముందు ప్రశ్న చూసి, కావాల్సింది వెతుక్కోవడం మేలు. చివరి రెండూ ఎక్కువగా సైన్స్, సమాజం, కొత్త పరిశోధనల మీద ఉంటాయి. వాటికి ముందు పాసేజ్ మొత్తం చదివి, రచయిత ఏం చెప్పదలుచుకున్నాడో పట్టుకోవాలి. ఐదు పాసేజ్‌లకి 35 నిమిషాలు పెట్టుకుంటే ఒక్కోదానికి 7 నిమిషాలు వస్తాయి. మొదటిది 5 నిమిషాల్లో ముగిస్తే ఆ రెండు నిమిషాలూ కష్టమైనదానికి మిగులుతాయి.

'ఏడింట్లో ఐదు' ప్రశ్నకి కిటుకు వేరు. అక్కడ అర్థంతో పాటు అతుకు చూడాలి. ఖాళీ తర్వాత వాక్యం 'దీజ్ ఛేంజెస్' అని మొదలైందనుకోండి. అంటే ఖాళీలో వచ్చే వాక్యం ఏవో మార్పుల గురించి చెప్పి తీరాలి. 'హవెవర్' అని ఉంటే ముందు వెనకలు ఎదురెదురుగా ఉండాలి. 'హి', 'దే', 'దిస్' లాంటి మాటలు ఎవర్ని చూపిస్తున్నాయో పట్టుకుంటే చాలా ఖాళీలు వాటంతటవే నిండుతాయి.

ప్రశ్నల సముద్రంలో ఈత

చైనాలో 'ప్రశ్నల సముద్రం' అనే మాట ఉంది. అంటే ఆపకుండా మోడల్ పేపర్లు చేయించడం. అన్‌హుయ్ ప్రావిన్సులో మావోథాన్‌చాంగ్ అనే చిన్న టౌన్ ఉంది. గావోకావో మళ్ళీ రాసే పిల్లలతో పేరుపొందిన ఊరది. అలాంటి చోట్ల పొద్దున్నుంచి రాత్రి వరకు పేపర్ మీద పేపర్. మన దగ్గర హాస్టల్ కాలేజీల్లో చదివినవాళ్ళకి ఆ వాతావరణం తెలుసు.

పేపర్లు చేయడం తప్పు కాదు. టైమ్ అలవాటవుతుంది, ఉచ్చులు తెలుస్తాయి. కానీ ఒక హద్దు ఉంది. పేపర్ మన జ్ఞానాన్ని కొలుస్తుంది, పెద్దగా పెంచదు. థర్మామీటర్ వందసార్లు పెడితే జ్వరం తగ్గదు కదా!

మరి పెంచేది ఏంటి? రెండు పరిశోధనలు చెప్తాను. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పిల్లలకి బేస్‌బాల్ మ్యాచ్ గురించిన పాసేజ్ ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడ్డా బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లల కంటే చాలా మెరుగ్గా అర్థం చేసుకున్నారు. అంటే విషయం తెలిసి ఉండటం చదవడంలో సగం బలం. మన వీధి కుర్రాడికి ఇంగ్లీష్ సరిగ్గా రాకపోయినా క్రికెట్ రిపోర్ట్ అర్థమైపోతుంది చూడండి, అదే లెక్క. అందుకే గావోకావో స్టూడెంట్ చైనీస్‌లోనే సైన్స్ వార్తలు, ప్రపంచ విషయాలు చదివినా ఇంగ్లీష్ మార్కులకి పనికొస్తుంది.

రెండోది ఫిజీ దీవుల్లో జరిగింది. ఎలీ, మంగూభాయ్ అనే ఇద్దరు పల్లెటూరి ప్రైమరీ స్కూళ్ళకి బొమ్మలున్న ఇంగ్లీష్ కథల పుస్తకాలు కట్టలు కట్టలుగా ఇచ్చారు. 1983లో ఫలితాలు ప్రచురించారు. కథలు చదివిన పిల్లలు మామూలు పాఠాలు మాత్రమే విన్న పిల్లల కంటే ఇంగ్లీష్‌లో ముందుకెళ్ళారు. సులభంగా ఉన్నది, ఇష్టమైనది, ఎక్కువగా చదవడం. అంతే రహస్యం. చైనాలో కొన్ని స్కూళ్ళలో సులభంగా తిరగరాసిన నవలలు, చైనా డైలీ సంస్థ స్టూడెంట్స్ కోసం తెచ్చే 'ట్వంటీఫస్ట్ సెంచరీ' పేపర్ చదివిస్తారు. కానీ పరీక్ష దగ్గరపడేకొద్దీ కథల పుస్తకం మూతపడుతుంది, మోడల్ పేపర్ తెరుచుకుంటుంది.

పేపర్ చేశాక ఏం చేస్తామన్నదే అసలు విషయం. అక్కడ మంచి స్టూడెంట్స్ అందరి దగ్గరా 'తప్పుల నోట్‌బుక్' ఉంటుంది. తప్పిన ప్రశ్న రాస్తారు, కారణం రాస్తారు. పదం తెలియక తప్పిందా? వాక్యం విప్పలేక తప్పిందా? ఉచ్చులో పడి తప్పిందా? టైమ్ లేక తప్పిందా? ఒక నెల రాస్తే మన జబ్బు ఏదో మనకే కనపడుతుంది. పది పేపర్లు చేసి పారేయడం కంటే మూడు పేపర్లు చేసి ఇలా చీల్చి చూడటం ఎక్కువ లాభం.

పల్లె పిల్లల సంగతి

ఇప్పుడు అసలు బరువైన విషయం. చైనాలో 2001 నుంచి ప్రైమరీలో మూడో తరగతి దగ్గర ఇంగ్లీష్ మొదలుపెట్టాలన్నది ప్రభుత్వ విధానం. షాంఘైలాంటి సిటీల్లో ఒకటో తరగతి నుంచే ఉంటుంది. సిటీ పిల్లలకి మంచి టీచర్, ట్యూషన్, ఇంట్లో ఇంగ్లీష్ కథల పుస్తకాలు. కొండ ఊళ్ళో పిల్లలకి ఒక్కోసారి సరైన ఇంగ్లీష్ టీచరే ఉండరు. మ్యాథ్స్‌లో ఇద్దరూ సమానంగా పోటీ పడొచ్చు. ఇంగ్లీష్ దగ్గరికి వచ్చేసరికి ఒకరు పదేళ్ళ ముందు పరుగు మొదలుపెట్టినట్టు ఉంటుంది. పేపర్ మాత్రం ఇద్దరికీ ఒకటే.

యు మిన్‌హోంగ్ అనే ఆయన కథ చైనాలో చాలామందికి తెలుసు. జియాంగ్సు ప్రావిన్సులో ఒక పల్లెటూరి కుర్రాడు. రెండుసార్లు గావోకావో తప్పి, మూడోసారి 1980లో పెకింగ్ యూనివర్సిటీలో సీటు కొట్టాడు, అదీ ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్‌లో. 1993లో న్యూ ఓరియంటల్ అనే కోచింగ్ సంస్థ పెట్టాడు. అది దేశంలోనే పెద్ద ఇంగ్లీష్ కోచింగ్ అయింది. 2021 జూలైలో ప్రభుత్వం స్కూల్ సబ్జెక్టుల ట్యూషన్ల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. పిల్లల మీద భారం, తల్లిదండ్రుల మీద ఖర్చు తగ్గాలన్నది ఉద్దేశం. కోచింగ్ కంపెనీలు ఒక్కసారిగా కుదేలయ్యాయి. న్యూ ఓరియంటల్ ఏం చేసిందో తెలుసా? లైవ్ వీడియోల్లో బియ్యం, పండ్లు అమ్మడం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో డోంగ్ యుహుయ్ అనే వాళ్ళ ఇంగ్లీష్ టీచర్ సరుకులు అమ్ముతూనే వైట్‌బోర్డ్ మీద ఇంగ్లీష్ పదాలు రాసి చెప్తుంటే దేశమంతా ఫోన్లకి అతుక్కుపోయింది. ఆయన కూడా షాన్‌షీ ప్రావిన్సులో పల్లెటూరి రైతు కుటుంబం నుంచి వచ్చినవాడే.

ఇంగ్లీష్‌కి ఇంత బరువు అవసరమా అన్న చర్చ అక్కడ ఆగడం లేదు. 2013లో బీజింగ్‌లో ఇంగ్లీష్ మార్కులు 150 నుంచి 100కి తగ్గించాలని ఒక ప్రతిపాదన వచ్చింది. 2021లో స్కూళ్ళలో ఇంగ్లీష్‌ని ప్రధాన సబ్జెక్టుగా తీసేయాలని ఒక సలహా సభ్యుడు అడిగితే ఇంటర్నెట్ అంతా రెండుగా చీలిపోయింది. గావోకావోలో మాత్రం 150 అలాగే ఉంది. పదేళ్ళు ఇంగ్లీష్ చదివి, పాసేజ్‌లు చకచకా చేసి, నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడలేని చదువుని వాళ్ళు 'మూగ ఇంగ్లీష్' అంటారు. ఆ మాటలో చాలా బాధ ఉంది. పరీక్ష కోసం చదివిన భాష పరీక్షతోనే అయిపోతే ఎవరికి లాభం?

మరి మనకేంటి?

బ్యాంక్ ఎగ్జామ్స్ అయినా, ఐఈఎల్‌టీఎస్ అయినా, జీఆర్ఈ అయినా మనకీ ఈ రీడింగ్ తప్పదు. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి చైనా పిల్లల కష్టం సొంత కష్టంలాగే ఉంటుంది, వాక్యం తిరగేసే గొడవతో సహా. కాబట్టి వాళ్ళ అనుభవంలోంచి రోజుకి 45 నిమిషాల ప్లాన్ ఒకటి తీసుకోవచ్చు.

మొదటి 10 నిమిషాలు పదాలు. కొత్తవాటి కంటే ముందు పాతవి, ప్రతిదీ వాక్యంతో. తర్వాత 15 నిమిషాలు ఒకే ఒక్క పాసేజ్. 7 నిమిషాలు టైమ్ పెట్టుకుని చేయండి, మిగతా 8 నిమిషాలు ప్రతి జవాబుకీ లైన్ వెతకండి, ఒక పెద్ద వాక్యాన్ని విప్పండి. తర్వాత 15 నిమిషాలు మీకు ఇష్టమైన విషయం మీద సులభమైన ఇంగ్లీష్. క్రికెట్, సినిమా, ఫోన్ రివ్యూ, ఏదైనా సరే. చివరి 5 నిమిషాలు తప్పుల నోట్‌బుక్.

2021 ఫిబ్రవరిలో చైనా విద్యాశాఖ స్కూలుకి ఫోన్లు తేవద్దని చెప్పింది. తప్పదంటే తల్లిదండ్రులు ముందుగా అనుమతి అడగాలి. మనకి ఆ అడ్డు చాలామందికి లేదు, ఫోన్ చేతిలోనే ఉంది. అందులో ఇరవై సెకన్ల రీల్స్ చూడొచ్చు, ఇరవై లైన్ల ఆర్టికల్ కూడా చదవొచ్చు. ఆర్టికల్‌కైతే డేటా ఖర్చు కూడా తక్కువ. పాసేజ్ దగ్గర మనసు నిలబడకపోవడానికి చాలాసార్లు కారణం ఇంగ్లీష్ రాకపోవడం కాదు, ఏడు నిమిషాలు ఒకే చోట కూర్చునే అలవాటు పోవడం. ముందు ఆ ఏడు నిమిషాలు సంపాదించండి. 'అబాండన్' తర్వాత పదం ఏంటో చూసేవరకైనా పుస్తకం మూయకండి.

ఈ ఎపిసోడ్ ఇంతే ఫ్రెండ్స్. ఎగ్జామ్‌కి ప్రిపేర్ అవుతున్న తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళకి పంపించండి. ఆ మూడు క్రియల వాక్యాన్ని వాళ్ళ చేత విప్పించి చూడండి.